మంచుదారిలో బండిచక్రములు

గృహోపయోగమునకై కొను వస్తువులను, బియ్యము మొదలు బంగారము వఱకును, స్త్రీలమైన మనము పరీక్షించియే కొందుము. గింజను గొఱికి చూతుము. చీరను వెలుతురున బట్టి చూతుము. కాని యింటిల్లిపాదిని మోసికొనిపోవు కారునకు టైర్లు కొనునప్పుడు మాత్రము "అది మగవారి పని" యని తొలగిపోవుదుము. మన తెలుగునాట నట్లు తొలగినను అంతగా హాని కలుగకపోవచ్చును గాని, ఏడాదిలో నాలుగైదు మాసములు మంచు గురియు దేశములలో నది చెల్లదు. మేము కెనడాదేశపు రాజధానియగు ఒట్టావా నగరమున గాపురముండి కొన్ని సంవత్సరములైనది. ఇచ్చట మాకు దెలిసివచ్చిన సంగతులను సోదరీమణులకు విన్నవింపదలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మన యాడపడుచు లెందఱో నేడిట్టి చలిదేశములందు స్వయముగా కారు నడుపుకొనుచు ఉద్యోగములకు బోవుచున్నారు. వారి తల్లులు పురుళ్లు పోయుటకు వచ్చి యా కార్లలోనే తిరుగుచున్నారు. కావున నీ విషయము మనకు దూరమైనది కాదు.

ఈ యూరిలో జనవరి మాసపు సగటు శీతము సున్నకు దిగువ సుమారు 10 డిగ్రీలు. ఒక్క చలికాలమున గురియు మంచును కొలిచి కూడినచో రెండు మీటర్లకు మించును. కురిసిన మంచును పురపాలకులు యంత్రములతో దీసివేయుదురు, ఉప్పు చల్లుదురు. అయినను తెల్లవారుజామున పనికి బయలుదేఱువారికి దారి తెల్లగానే కనబడును. అంతకంటె భయంకరమైనది కంటికి గానరాని మంచు. పగలు కరగిన నీరు రాత్రి గడ్డకట్టి, నల్లని రోడ్డుపై గాజుపూతవలె నంటియుండును. నేల తడిసినదనుకొందుమే కాని, గడ్డకట్టినదని తోపదు.

ఇట్టి దారులకై పలువురు నాలుగు చక్రములకును ఇంజనుశక్తి నందించు పెద్దబండ్లను గొందురు. మేమును అట్టిదానినే కొంటిమి. కొన్న వారమునకే మా మఱది టెలిఫోనులో "వదినా! నాలుగు చక్రములు లాగు బండి కొంటిరి గదా, మరల వేయి డాలర్లు పెట్టి చలికాలపు టైర్లు కొనుట యెందులకు? ఆ డబ్బు పిల్లల చదువునకు దాచరాదా?" యనెను. ఈ మాట ఆతడొక్కడే యనునది కాదు. ఇచ్చటి తెలుగువారి విందులలో ప్రతి కార్తికమాసమునను వినబడునదే. పిల్లల చదువు పేరు చెప్పినపుడు ఏ తల్లికైనను మనసు మెత్తబడును. అందుచేతనే దీనిని జాగ్రత్తగా విచారింపవలసియున్నది.

నాలుగు చక్రములు లాగుటవలన గలుగు మేలు ఒక్కటే: బండి సులభముగా కదలును. మంచులో గూరుకొన్న చక్రమొకటి తిరిగినచోటనే తిరుగుచుండగా తక్కినవి పట్టు దొరకించుకొని బండిని ముందునకు లాగును. ఎత్తుపల్లపు వీథులలో నిది గొప్ప యుపకారమే. కాని బ్రేకు నొక్కునపుడో? చిన్నకారైనను పెద్దబండియైనను బ్రేకులు నాలుగు చక్రములకును ఉన్నవి. అనగా ఆగుటలో మన పెద్దబండికి ప్రక్కయింటి చిన్నకారుకంటె నధికముగా నిచ్చినది ఏమియు లేదు. "బండి బరువైనది, నేలను గట్టిగా పట్టుకొనును" అని మఱికొందఱందురు. బరువుతోపాటు పట్టు పెరుగుట నిజమే. ఆపవలసిన వేగబలమును అంతే పెరుగును. రెండును సరికి సరి. చక్రములు బిగుసుకొనిపోకుండ బ్రేకును సడలించుచు బిగించుచు నుండు యంత్రములు నేటి కార్లన్నిటను గలవు గాని, అవి యున్న పట్టును వాడుకొనునే తప్ప లేని పట్టును పుట్టింపజాలవు. బావిగట్టున పాకుడు పట్టిన రాతిపై నాలుగుకాళ్ల గేదెయు జారును. కాళ్లెన్ని యన్నది కాదు ప్రశ్న. గిట్ట నేలను పట్టినదా లేదా యన్నదే ప్రశ్న.

ఇందులకు గణితమే సాక్ష్యము. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో బోవు కారు పొడిరోడ్డుపై బ్రేకు నొక్కిన పిమ్మట సుమారు 13 మీటర్లలో నాగును. మంచుగడ్డపై నేలపట్టు అందులో ఎనిమిదవ వంతునకు దిగిపోవచ్చును. అప్పుడాగుటకు నూరు మీటర్లు పట్టును. వేగమును సగము తగ్గించినచో ఆ దూరము నాలుగవ వంతగును. నూరు మీటర్లనగా మన పల్లెలో ఒక వీథి. ఆ వీథిలో నెవరి బిడ్డ రోడ్డు దాటుచున్నాడో యెవరికెఱుక?

ఒకనాటి సాయంకాలము మంచువాన కురిసినది. మా పేటలో నొక మిట్ట యున్నది. మా ముందు పోవుచున్న పెద్దబండి, నాలుగు చక్రములు లాగునదే, అవలీలగా మిట్ట యెక్కినది. ఆవలివైపు దిగునప్పుడు ఎఱ్ఱదీపము వెలిగినది. ఆ బండి నిలువక నెమ్మదిగా, మూగదానివలె, అడ్డముగా తిరిగి కూడలి నడుమకు జారిపోయినది. దైవానుగ్రహమున నా క్షణమున నటునిటు నెవరును రాలేదు. బండిలో వెనుక సీటున పసిపిల్లల కుర్చీ కనబడినది. ఎక్కుటలో నెగ్గిన బండి ఆగుటలో నోడినది. అట్లు పోవునప్పుడు దానిని నడుపువారు చేయగలిగినది ఏదియు లేదు. చేయవలసినది నెలరోజులకు ముందు, టైర్లకొట్టులోనే.

ఇక టైరులోని రహస్యమేమి? కొబ్బరినూనె వేసవిలో నీరువలె నుండి పుష్యమాసపు వేకువను రాయివలె పేరుకొనుట మన మెఱిగినదే. రబ్బరునకును అట్టి గుణమే కలదు. ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగినది మొదలు సాధారణపు టైరు గట్టిపడ నారంభించును. గట్టిపడిన రబ్బరు నేలలోని గఱుకును అంటుకొనజాలక పైపైన జారును. చలికాలపు టైరునకు వేఱు రకపు రబ్బరును సిలికాను గలిపి చేయుదురు. అది తీవ్రమైన చలిలోను మెత్తగా నుండును. దాని గాడులు లోతైనవి. కత్తితో గీసినట్లు సన్నని చీలికలు వేలకొలది యుండును. ఆ చీలికల యంచులు మంచును గీరి పట్టుకొనును. గడ్డపై నేర్పడు పలుచని నీటిపొరను పీల్చి ప్రక్కకు తొలగించును.

ఈ విద్య క్రొత్తది కాదు. ఫిన్లండు దేశమున నోకియా పట్టణపు రబ్బరు కర్మాగారమువారు 1934లో మంచుదారులలో దిరుగు లారీలకై ప్రత్యేకపు టైరును జేసిరి. 1936లో కార్లకై 'హక్కపెలీట్టా' యను దానిని వెలువరించిరి. తరువాతి కాలమున టైర్లకు ఇనుపమేకులు దిగగొట్టు వాడుక వచ్చినది. మన యెద్దులకు నాడాలు కొట్టినట్లే యనవచ్చును. మేకులు గడ్డను చక్కగా పట్టును గాని పొడిరోడ్డును తొలచి ధూళి చేయును. జపానులో సెండాయ్, సప్పొరో మొదలగు నగరములవా రీ ధూళిచే బాధపడిరి. తుదకు 1990లో నచ్చట మేకుల టైర్లను నిరోధించు చట్టమయ్యెను. అంతకు ముందే, 1988లో, ఆ దేశమునందే బ్రిడ్జ్‌స్టోనువారు సూక్ష్మరంధ్రములుగల రబ్బరుతో మేకులు లేని 'బ్లిజాక్' టైరును అమ్మకమునకు దెచ్చియుండిరి.

మా యూరి చిత్రమొకటి చెప్పవలెను. ఒట్టావా నదికి ఇవతలిగట్టు ఒంటారియో రాష్ట్రము, అవతలిగట్టున నున్న గాటినో నగరము కెబెక్ రాష్ట్రము. కెబెక్‌లో 2008 నుండి చలికాలపు టైర్లు చట్టముచే విధింపబడినవి. 2019 నుండి డిసెంబరు 1 మొదలు మార్చి 15 వఱకు అవి లేనిచో జరిమానా. ఇవతల మా గట్టున నట్టి నిర్బంధము లేదు. అవతల మేకులు అక్టోబరు నడుమ నుండి వేసికొనవచ్చును. ఒంటారియోలో నుత్తరభాగపు వాసులకు దప్ప మాబోటివారి కనుమతి లేదు. నడుమ నున్నది వంతెన మాత్రమే. మంచు రెండు గట్టులను ఒక్కతీరుగానే కురియును. చట్టము చెప్పినదని యొకరు జాగ్రత్తపడి, చెప్పలేదని వేఱొకరు ఊరకుండుట వివేకము గాదు.

ఎంపికలో చూడవలసినవి క్రమముగా చెప్పెదము. మొదటిది గుర్తు. టైరు ప్రక్కభాగమున మూడు శిఖరముల కొండయు, దాని నడుమ మంచుపువ్వును ముద్రించి యుండవలెను. ఈ గుర్తు 1999 నుండి వాడుకలో నున్నది. 'ఎం', 'ఎస్' యను రెండక్షరములు మాత్రమే యున్నచో నది గాడుల ఆకారమును దెలుపునే కాని పరీక్షలో నెగ్గినట్లు కాదు. ఇంకొక సూక్ష్మము గలదు. కొండగుర్తునకై చేయు పరీక్ష, అణగిన మంచుపై బండి ముందునకు సాగు శక్తిని గూర్చినది. గడ్డపై నాగుటను గూర్చినది కాదు. ఏడాది పొడవునను వాడదగిన కొన్ని టైర్లకును ఆ గుర్తు గలదు. మంచు తక్కువగా పడు నూళ్లలో నవి చాలును. మాబోటివారికి మాత్రము చలికాలమునకే ప్రత్యేకించి చేసిన మేకులు లేని టైర్లు మేలు. ఐరోపాదేశములలో 2021 మే నుండి టైరు చీటిపై మంచుగడ్డ పట్టునకు వేఱొక గుర్తు కలదు.

రెండవది సంఖ్య. నాలుగును ఒక్కసారి, ఒక్క రకమువే కొనవలెను. రెంటితో సరిపెట్టినచో ముందు పట్టుండి వెనుక జారి బండి గిఱ్ఱున తిరుగును. పైగా నాలుగు చక్రములు లాగు బండిలో టైర్ల చుట్టుకొలత హెచ్చుతగ్గులైనచో, ముందు వెనుక ఇరుసులకు శక్తిని పంచు పళ్లచక్రములు ఎడతెగక నలిగి చెడిపోవును. ఆ మరమ్మతు ఖర్చు టైర్ల ఖర్చును మించును. మూడవది కొలత. డ్రైవరు తలుపు నంచున నంటించిన చీటీలో తగిన కొలతయు, మోయవలసిన బరువును వ్రాసియుండును. బరువు సంఖ్య అంతకు తగ్గరాదు. బండి తయారుచేసినవా రొప్పినచో ఒకింత సన్నని టైరు మంచును చీల్చుకొని పోవుటకు మంచిది. నాలుగవది వయస్సు. టైరుపై తుదను నాలుగంకెలుండును. 3224 అనగా 2024వ సంవత్సరపు 32వ వారమున చేసినదని యర్థము. చౌకకు వచ్చినదని పాతసరుకు తీసికొనరాదు. గాడి లోతు 4 మిల్లీమీటర్లకు అరిగినచో దానిని మంచుదారికి పనికిరానిదిగా నెంచవలెను.

ఇక ఖర్చుమాట. ఒక జత టైర్లు నాలుగైదు మాసములు తిరుగునపుడు రెండవజత కొట్టులో విశ్రమించును. కావున రెండు జతలును ఎక్కువ కాలము వచ్చును. ఖర్చు రెండింతలు గాదు, ముందుగా చెల్లించుటయే. వీనికి వేఱుగా ఇనుపచక్రములను గూడ కొన్నచో ఏటేట టైరును ఊడదీసి తొడుగు కూలి తగ్గును. ఒంటారియోలో 2016 నుండి చలికాలపు టైర్లు వేసినవారికి భీమాసంస్థలు కొంత తగ్గింపు నియ్యవలెనని నిబంధన గలదు, అడిగి పుచ్చుకొనవలెను. మేము మా మఱదికి ఈ లెక్కనంతయు వ్రాసి పంపితిమి. పిల్లల చదువునకు దాచుటయు ముఖ్యమే. చదువుకొనవలసిన పిల్లలు ఆ బండిలోనే కదా కూర్చుండునది!

మా యింట నొక నియమము గలదు. దీపావళికి టైర్లు మార్చుదుము. శ్రీరామనవమి దాటిన పిమ్మట దీయుదుము. తొలిమంచు పడినదాక నాగినచో కొట్లలో వారములకొలది వేచియుండవలెను. వేసవిలోను వానినే యుంచినచో మెత్తని రబ్బరు వేడిదారిపై త్వరగా నరిగిపోవును. తీసినవానిని కడిగి, ఆరబెట్టి, ఎండ తగులని చల్లని చోట దాచవలెను. గాలిని నెలకొకసారి చూచుకొనవలెను. వెచ్చని కొట్టులో 35 పౌనులు నింపిన గాలి, సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో 28కి దిగిపోవును.

"ఇటీవల చలి తగ్గుచున్నది గదా" యని యుపేక్షింపరాదు. మా యూర 7.8 కిలోమీటర్ల పొడవున గడ్డకట్టి జనులు జారుచు నాడుకొను రీడో కాలువ, 2022–23 చలికాలమున చరిత్రలో తొలిసారిగా ఒక్కదినమైనను తెరువబడలేదు. గడ్డ అంత పలుచన. కాని దారులపై భయము తగ్గలేదు. గడ్డకు పైన నీరుండు సున్న డిగ్రీల సమీపమునందే జారుడు మిక్కిలి హెచ్చు. మంచి టైర్లున్నవని వేగము పెంచుటయు దగదు. అవి మన కిచ్చునది కొన్ని మీటర్ల యవకాశము. దానిని వేగమునకు ధారపోసినచో ఫలము సున్న.

సోదరీమణులారా! చలిదేశములందున్న మీ యమ్మాయిలతో మాటలాడునపుడు తిండిని గూర్చియు నిద్రను గూర్చియు నడుగుదురు. ఉన్నికోటు వేసికొనుచున్నారా యని యడుగుదురు. ఈ యాశ్వయుజము నుండి మఱియొక ప్రశ్న చేర్చుడు: "టైర్లు మార్చించితివా?" మార్చితినన్నచో, "కొండగుర్తున్నదా, నాలుగును ఒక్కటియేనా" యనియు నడుగుడు. "నాలుగు చక్రములు లాగు బండి యమ్మా, భయము లేదు" అని వారు నవ్వినచో, "లాగుట సరే తల్లీ, ఆగుట యెట్లు?" అని యడుగుడు. ఈ ప్రశ్న విన్నవారు ఆ సాయంకాలమే కొట్టునకు బోవుదురని మా నమ్మకము.