స్పెయిన్ నడకకి ఏ ఫోన్ తీసుకెళ్ళాలి? నేను పడ్డ పాట్లు, నేర్చుకున్న సంగతులు



మిర్చి అమ్మకాలు అయ్యాక మే నెలలో నేను స్పెయిన్ దేశం వెళ్ళొచ్చిన సంగతి మీలో కొందరికి తెలుసు. వచ్చిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే. ఏ ఫోన్ పట్టుకెళ్ళావు, అక్కడ సిమ్ ఎట్లా, చార్జింగ్ ఎట్లా అని. మన మండలం నుంచి ఇద్దరు వచ్చే ఏడు పోదామనుకుంటున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు ఎందుకు పోయానో చెప్తా. రెండేళ్ళ క్రితం మా ఇంటావిడకి గుండె ఆపరేషన్ అయింది. ఆ రాత్రి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఆమె ఇంటికొస్తే నడిచి యాత్ర చేస్తానని మొక్కుకున్నా. మా అమ్మాయి ఐర్లండ్‌లో నర్సు. "నాన్నా, స్పెయిన్‌లో శాంతియాగో అనే ఊళ్ళో పునీత యాకోబు గారి గుడి ఉంది, వెయ్యేళ్ళ పైనుంచి జనం అక్కడికి నడిచిపోతున్నారు, నేనూ నీతో వస్తా" అంది. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి పూర్తి దారి 780 కిలోమీటర్ల దాకా ఉంటుంది, నెల పైన పడుతుంది. మేం సరియా అనే ఊరి నుంచి చివరి 115 కిలోమీటర్లు ఐదు రోజుల్లో నడిచాం. ఇంటావిడ అంత దూరం రాలేదు కాబట్టి గేదెలు చూసుకుంటూ ఇంట్లోనే ఉంది. రోజూ ఫోన్ చేస్తానని మాటిచ్చి బయల్దేరా.

ఇక సామాన్ల సంగతి. టౌన్‌లో ఫోన్ల షాపుకి పోతే నలభై వేల ఫోన్ చూపించారు. మా తమ్ముడి కొడుకు చేతికి స్మార్ట్ వాచీ కొనుక్కోమన్నాడు. ఇంకొకాయన టాబ్లెట్ అన్నాడు. నేనూ అన్నీ మొయ్యగలననే అనుకున్నా. పదహారు లీటర్ల స్ప్రేయర్ వీపున వేసుకుని మిర్చి సాళ్ళలో తిరిగిన వాడిని, ఈ సంచి నాకొక లెక్కా అని. అక్కడే పొరబడ్డా. స్ప్రేయర్ నడిచేకొద్దీ ఖాళీ అవుతుంది. సంచి ఖాళీ కాదు. పొద్దున ఎంతో సాయంత్రానికీ అంతే, మోకాళ్ళకి మాత్రం రెండింతలు. ఒంటి బరువులో పదో వంతుకి మించి మొయ్యొద్దని అక్కడ నడిచేవాళ్ళు చెప్తారు. నేను అరవై ఐదు కిలోలు. అంటే బట్టలు, నీళ్ళు, మందులు అన్నీ కలిపి ఆరున్నర కిలోలు. అందులో వాచీకీ టాబ్లెట్‌కీ చోటెక్కడ?

చివరికి నేను పట్టుకెళ్ళినవి ఇవి.

ఒకటి, ఫోన్. పదమూడు వేలది కొన్నా. రెండు సిమ్‌లు పట్టాలి, బ్యాటరీ రోజంతా రావాలి, వాన చినుకులకి కొంచెమన్నా తట్టుకోవాలి. చూడాల్సినవి ఈ మూడే. ఒక స్లాట్‌లో మన సిమ్ ఉంచుకోండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఇండియాలో ఉండగానే దానికి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోవాలి, కానీ దాని డేటా మాత్రం ఆపెయ్యాలి. లేకపోతే బిల్లు వాచిపోతుంది. రెండో స్లాట్‌లో మా అమ్మాయి ఇచ్చిన ఐర్లండ్ సిమ్ వేశా. యూరప్ యూనియన్ దేశాల్లో ఒక దేశం సిమ్ ఇంకో దేశంలో రోమింగ్ చార్జీ లేకుండా పనిచేస్తుంది. 2017 నుంచీ అక్కడ అదే రూలు.

రెండు, పవర్ బ్యాంక్. పదివేల ఎంఏహెచ్‌ది చాలు, రెండొందల గ్రాములు ఉంటుంది. విమానంలో దీన్ని పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. దాని మీద కెపాసిటీ అచ్చు వేసి ఉందో లేదో చూసి కొనండి.

మూడు, చార్జర్. అక్కడా మనలాగే 230 వోల్టులే. మన ఫోన్ చార్జర్ల సన్నటి రెండు పిన్నులు వాళ్ళ సాకెట్‌లో పడతాయి, మూడు పిన్నులవి పడవు. యాత్రికుల సత్రాల్లో ఒక హాల్లో ఇరవై ముప్పై మంచాలుంటాయి, ప్లగ్గులు తక్కువ. ఒకటికి రెండు కేబుళ్ళు పెట్టే చార్జర్ ఉంటే పక్కవాళ్ళకీ సాయం చేసినట్టు ఉంటుంది.

నాలుగు, తలకి కట్టుకునే లైటు. రాత్రిపూట నీళ్ళు కట్టడానికి వాడుకునేదే. మే నెలలో కూడా అక్కడ తెల్లవారేసరికి ఏడవుతుంది, ఆరింటికి బయల్దేరితే చీకటే. ఎర్ర లైటు కూడా ఉన్నదైతే మంచిది, హాల్లో నిద్రపోయేవాళ్ళ కళ్ళల్లో కొట్టదు.

ఇంకో మాట. మొబైల్ స్టార్టర్ ఉన్నవాళ్ళు, పోయే ముందు ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా అందులో ఎక్కించండి. నేను మా తమ్ముడిది ఎక్కించా. స్పెయిన్ నుంచి మోటారు వేద్దామనుకోవద్దు.

దారి చూసుకోవడానికి ఫోన్ అక్కర్లేదు. దారి పొడుగునా పసుపురంగు బాణాలుంటాయి. 1984లో ఎలియాస్ వలీన్యా అనే పల్లెటూరి ఫాదర్ గారు వాటిని వెయ్యడం మొదలుపెట్టారట. చెట్ల మీద, గోడల మీద, రోడ్డు మీద ఎక్కడ చూసినా అవే. గలీసియా ప్రాంతంలో రాతి కంబాల మీద ఇంకా ఎన్ని కిలోమీటర్లో కూడా చెక్కి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మూడో రోజు పాలాస్ దె రెయ్ నుంచి అర్సువా దాకా 29 కిలోమీటర్లు, అన్నిటికంటే పెద్ద నడక. మా అమ్మాయి కాలికి బొబ్బలెక్కి అడుగు వెయ్యలేకపోయింది. "నువ్వు కారులో పోమ్మా, నాది మొక్కు, నేను నడుస్తా" అన్నా. సంచి కూడా కారులో వేసేశా, వీపు తేలికవుతుందని. పవర్ బ్యాంక్ ఆ సంచిలోనే ఉంది.

పొద్దున్నే దారిలో వాళ్ళ గాదెలు కనపడ్డాయి. రాతి కాళ్ళ మీద నిలబెట్టి ఉంటాయి, ఎలుకలు ఎక్కకుండా కాళ్ళ పైన పలక రాళ్ళు పెడతారు, లోపల మొక్కజొన్న కంకులు దాస్తారు. ఇది మా వాళ్ళు చూడాలని వీడియో కాల్‌లో గంటసేపు మా తమ్ముడి పిల్లలకి చూపించా. తర్వాత వాన. ఫోన్‌ని జిప్ కవర్లో పెట్టుకోమని మా అమ్మాయి రెండుసార్లు చెప్పింది. నేను ప్యాంటు జేబులో పెట్టుకున్నా. మెలీదే అనే ఊరు చేరేసరికి చార్జింగ్ అయిపోవచ్చింది. అక్కడ ఒక హోటల్లో ఎవరిదో కేబుల్ అడిగి పెడితే చార్జింగ్ రంధ్రంలో తడి ఉందని ఎర్ర గుర్తు చూపించి, చార్జ్ ఎక్కలేదు. పది నిమిషాల్లో ఆగిపోయింది.

ఆ హోటలావిడ మంచిది. తన ఫోన్ నా చేతిలో పెట్టి చేసుకోమని సైగ చేసింది. చెయ్యడానికి నాకు మా అమ్మాయి నంబరు గుర్తులేదు. ఇంటావిడ నంబరూ గుర్తులేదు. ఎంత ఆలోచించినా నోటికొచ్చింది ఒకటే, మా బోరు మోటారు స్టార్టర్‌లో ఉన్న సిమ్ నంబరు. రోజూ కొట్టేది అదే కదా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోన్ ఆమెకి తిరిగిచ్చేసి లేచా.

ఇంకా 14 కిలోమీటర్లు. వానలో బాణాలు చూసుకుంటూ నడిచా. దారి నాకు కష్టం కాలేదు. ఇంటి దగ్గర ఏమనుకుంటున్నారో అన్నదే కష్టం. రోజూ మధ్యాహ్నం రెండింటికల్లా దిగి ఫోన్ చేసేవాణ్ణి. మనకి అప్పుడు సాయంత్రం ఐదున్నర, ఆమె పాలు పితికే వేళ. ఆ రోజు నేను అర్సువా చేరేసరికి అక్కడ ఆరు, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. మా అమ్మాయి ఊరి మొదట్లో గొడుగేసుకుని నిలబడి ఉంది. "నాన్న వెనకాల వస్తున్నాడు" అని వాళ్ళమ్మకి నాలుగుసార్లు అబద్ధం చెప్పిందట. నేనెక్కడున్నానో దానికే తెలీదు.

దాని ఫోన్‌లోంచి ఇంటికి చేశా. ఆమె తిట్టలేదు. "తిన్నారా?" అంది. తినలేదన్నా. "నేనూ తినలేదు, ఇప్పుడు తింటా" అని పెట్టేసింది. గుండె ఆపరేషన్ అయిన మనిషి, రాత్రి మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి. ఆమె కోసం మొక్కిన మొక్కు తీర్చడానికి పోయి, ఆమెని పస్తుపెట్టా. ఆ రాత్రి నాకు కాళ్ళ నొప్పుల కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

ఫోన్ చెడిపోలేదు, తెల్లారేసరికి ఆరి పనిచేసింది. కంపెనీని అనడానికేం లేదు. తప్పంతా నాదే.

అందుకని మీకు చెప్పేది ఇది. ఫోన్ దారి కోసం కాదు, ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి కోసం. ఆ లెక్కన చూసి కొనుక్కోండి. నలభై వేలది కొన్నా జేబులో తడిస్తే అంతే. మూడు నంబర్లు కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పాస్‌పోర్టు పక్కన ఉంచుకోండి. అర్జెంటైతే 112 అని ఒక నంబరుంది, యూరప్ అంతా అదే. పవర్ బ్యాంక్ ఒంటి మీదే ఉండాలి, సంచి ఎటు పోయినా సరే. గంటలకొద్దీ వీడియోలు సత్రానికి చేరాక చూపించుకోవచ్చు. ఇంటి దగ్గర వాళ్ళకీ ముందే చెప్పండి, ఒక పూట ఫోన్ రాకపోయినా అన్నం తినేసి మాత్ర వేసుకోమని.

ఫోన్ కంటే భద్రంగా చూసుకోవాల్సింది ఇంకోటుంది. యాత్రికుడి పుస్తకం, మన పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. దారిలో గుళ్ళల్లో, హోటళ్ళల్లో రోజుకి రెండు ముద్రలైనా వేయించుకోవాలి. అది చూపిస్తేనే చివర్లో పత్రం ఇస్తారు.

ఐదో రోజు గుడి ముందర పెద్ద బండల మైదానంలో నిలబడి ఇంటికి వీడియో కాల్ చేశా. బ్యాటరీ 71 శాతం ఉంది, చూసుకునే చేశా. గుడి గోపురాలు చూపిస్తుంటే, "అవి తర్వాత చూస్తాలే, ముందు మీ మొహం చూపించండి" అంది.

శ్రీశైలం నడిచేవాళ్ళకైనా, వేలాంకణ్ణి నడిచేవాళ్ళకైనా ఇవే మాటలు. ఇవాళే మీ ఇంటివాళ్ళ నంబరు చూడకుండా చెప్పగలరేమో ఒకసారి ప్రయత్నించండి. ఇంకేమైనా అడగాలంటే అడగండి, తెలిసింది చెప్తా. ఉంటాను.