పోయేవాళ్ళూ, పంపేవాళ్ళూ

మా నెల్లూరు సముద్రపు అంచున పుట్టినవాళ్ళకు ఊరు విడిచి పోవడం కొత్త గాదు. ఒకప్పుడు బకింగ్‌హాం కాలవలో పడవెక్కి మద్రాసు పోయినారు. ఆ మద్రాసు రేవులో ఓడెక్కి బర్మాకు, నేటాలుకు పోయినారు. మా నాయన తరంలో కువైట్ అన్నారు, దుబాయ్ అన్నారు. మా తరానికి అమెరికా ఉండనే ఉంది. ఎవరు పోయినా ఊళ్ళో అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "నెలకెంతంట?"

మా అక్కా బావల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఇంటిల్లిపాదీ తంటాలు పడుతున్నాం. ఎందుకంటే వాళ్ళు పోయేది ఇప్పుడొచ్చే జీతం కంటే తక్కువకు. అదీ ఒక కంపెనీ ఇచ్చేది గాదు. సంఘాలవాళ్ళూ స్నేహితులూ నెలనెలా పంపే చందాల మీద నడవాలి. బావ చెన్నైలో విమానాలు మరమ్మతు చేసే ఇంజనీరు. ఆ పని మానుకుని, భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని, పాపువా న్యూ గినీ అనే దేశంలో మిషన్ విమానాలు బాగుచేయడానికి పోతున్నాడు. "సువార్త సంగతి సరే, దానికి విమానాలెందుకు?" అని మా ఊళ్ళో అడగనివాళ్ళు లేరు. మిత్రులు మీరూ అడుగుతారు గనుక నాకు తెలిసినంత చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపినవాళ్ళు కొందరు, ఆ విద్యను చంపడానికి గాక మరో పనికి వాడవచ్చు గదా అనుకున్నారు. అట్లా 1945లో అమెరికాలో మొదలైన సంస్థే తర్వాత మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ అయింది. దాని మొదటి ప్రయాణం 1946లో మెక్సికోకు. నడిపింది బెట్టీ గ్రీన్ అనే ఆడమనిషి. యుద్ధకాలంలో సైన్యపు విమానాలు నడిపిన అనుభవం ఆమెది. 1951లో న్యూ గినీలో పని మొదలుపెట్టారు. ఆ యేడే అక్కడి వాళ్ళ పైలట్ హ్యారీ హార్ట్‌విగ్ కొండల్లో విమానం కూలి చనిపోయాడు. ఈ చివరి సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆమె ఈ సంచిక చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

ఆ దేశంలో ఎనిమిది వందల పైచిలుకు భాషలున్నాయి. రాజధాని పోర్ట్ మోరెస్బీ నుంచి కొండసీమ పట్టణాలకు ఈనాటికీ రోడ్డు లేదు. కొండవాలులో చదును చేసిన గడ్డినేల మీద విమానం దిగాలి. చాలాచోట్ల ఎగువకు దిగి, దిగువకు లేవాలట. పురిటినొప్పుల మనిషిని ఆసుపత్రికి తెచ్చినా, బడికి పుస్తకాలు చేర్చినా, రైతు కాఫీ బస్తా సంతకు పోయినా ఆ చిన్న విమానమే దిక్కు. ఆ విమానంలో ఒక మర చెడితే ఒక కొండకు ఊపిరాడదు. అందుకే పైలట్ ఎంత ముఖ్యమో మరమ్మతు చేసేవాడూ అంతే ముఖ్యం.

ఇక తయారీ సంగతి. ఆరు నెలలుగా మా ఇల్లు కచేరీ అయిపోయింది. పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల టీకాల కాగితాలు, పోలీసువాళ్ళ ధ్రువపత్రం, మలేరియా మాత్రలు! బావ ఇన్నేళ్ళ అనుభవం ఉన్నా అక్కడి ప్రభుత్వం వారి పరీక్ష మళ్ళీ రాయాలట. రాత్రిళ్ళు పిల్లల పక్కన కూర్చుని తనూ చదువుకుంటున్నాడు. అక్కడి వాడుక భాష టోక్ పిసిన్ కూడా నేర్చుకుంటున్నాడు. ఆసుపత్రిని ఆ భాషలో 'హౌస్ సిక్' అంటారని చెబితే మా అవ్వ పకపకా నవ్వి, "జబ్బిల్లంటనా? మన మాట మాదిరే ఉండాదే!" అంది. ఆ నెలంతా ఆమె నవ్విన నవ్వు అదొక్కటే.

చివరి మజిలీ చిన్న విమానంలో గనుక ప్రతి కేజీ లెక్కే. మనుషులను కూడా తూచి ఎక్కిస్తారట. మా పక్కింటి మామకు రొయ్యల గుంటలున్నాయి. ఆయన కాటా తెచ్చి వసారాలో పెట్టి ఒక్కో సంచీ తూచాం. అవ్వ పెట్టిన గోంగూర పచ్చడి జాడీ ఒక పక్క, అక్క కొన్న పెద్ద బాలశిక్ష ఇంకో పక్క. రెండూ పట్టవు. అక్క చాలాసేపు ఆలోచించి పచ్చడి తీసేసింది. "నోటికి రుచి లేకపోయినా బతుకుతారు గానీ, మాట లేకపోతే మళ్ళీ నీతో ఏం మాట్లాడతారే అవ్వా?" అంది. అవ్వ మారు మాట్లాడకుండా జాడీ లోపలికి తీసుకుపోయింది.

ఆ కాటా దగ్గరే మామ ఒక మాటన్నాడు. "అల్లుడూ, ఏమీ అనుకోబాక. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పులికాట్ మధ్యలో ఇరకం దీవిలో వాళ్ళకు ఈ రోజుకూ పడవే గతి. ఈడ లేని రోగులు ఆడ ఉండారా?" బావ తలవంచుకుని, "మీరన్నది నిజమే మామా" అన్నాడు గానీ వాదించలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. మామ అన్నదాంట్లో అబద్ధమేముంది?

దాని జవాబు వెతుకుతూ పోతే మా నెల్లూరు చరిత్రలోనే ఒక కుటుంబం కనబడింది.

1840లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ నెల్లూరు వచ్చి కాపురం పెట్టాడు. పదమూడేళ్ళయినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. 1853లో ఆల్బనీ నగరంలో సభ పెట్టి, ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని ఆలోచించారు. పటం మీద ఒంటరిగా ఉన్న ఆ చుక్కే 'లోన్ స్టార్' అయింది. మొత్తానికి మూయలేదు. అంటే పందొమ్మిదో శతాబ్దమంతా మనం పుచ్చుకున్నవాళ్ళం. బడి, ఆసుపత్రి, అచ్చుపుస్తకం అన్నీ ఎవరో పంపితే వచ్చినవే.

అదే కాలంలో మనవాళ్ళు వేరే దారిన పోతున్నారు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. నేటాలు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలను తీసుకుపోయిన మొదటి ఓడ అది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా పోయారు. వాళ్ళలో తెలుగువాళ్ళు వేలాదిమంది. ఒప్పందం తీరినా అక్కడే ఉండదలిస్తే తలకు ఏటా మూడు పౌన్ల పన్ను. 1903 జూన్‌లో డర్బన్‌లో గాంధీగారి ప్రోత్సాహంతో 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక మొదలయింది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం నాలుగు భాషల్లో వచ్చింది. తెలుగు లేదు.

ఆ తెలుగు కూలీల్లో నెల్లూరు సీమ బాప్టిస్టులు కొందరున్నారు. మాకొక బోధకుణ్ణి పంపండని ఇంటికి కబురు చేశారు. 1903లో జాన్ రంగయ్య అనే నెల్లూరాయన భార్యాబిడ్డలతో ఓడెక్కి డర్బన్‌లో దిగాడు. పంపింది అమెరికా గాదు. తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషన్ సొసైటీ. ఆ సంవత్సరం డిసెంబరు 27న కియర్స్‌నీ తేయాకు తోటల్లో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1914 నాటికి నేటాలు ఇండియన్ బాప్టిస్టు అసోసియేషన్ వచ్చింది. మర్నాటి యేడు, 1915లో, ఆయన కన్నుమూశాడు.

ఆలోచించండి! 1903లో నెల్లూరులో పని అయిపోయిందా? పేదరికం పోయిందా, చదువు అందరికీ వచ్చిందా? లేదు గదా. ఇంట గెలిచేదాకా ఆగివుంటే రంగయ్యగారి కుటుంబం కదిలేదే గాదు. కియర్స్‌నీ కూలీ తన భాషలో ఒక మంచిమాట వినేవాడే గాదు. అరవై మూడేళ్ళు పుచ్చుకున్న ఊరు ఇవ్వడం నేర్చుకుంది, కడుపు నిండినాక గాదు, నిండకముందే.

అయితే రంగయ్యగారు పోయింది మనవాళ్ళ దగ్గరికి. బావ పోయేది ముక్కూ మొగమూ తెలియనివాళ్ళ దగ్గరికి. ఆ తేడా నేను కాదనను. కానీ 1840లో మనమూ ఎవరికో ముక్కూ మొగమూ తెలియనివాళ్ళమే.

ఇంతకీ మామ ప్రశ్న అట్లాగే ఉంది. ఇరకం సంగతి ఎవరు చూడాలి? పోయేవాళ్ళ మీదికి ఆ ప్రశ్న తోసేసి చేతులు దులుపుకోవడం సుళువు. నిజానికి అది ఉండేవాళ్ళను అడగవలసిన ప్రశ్న. ఒక కుటుంబం పోతున్నదంటే ఇంకో కుటుంబం పంపుతున్నదని అర్థం. మా అవ్వ వంటకు ముందు గుడి కోసం గుప్పెడు బియ్యం తీసిపెట్టడం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆమెకు పాపువా న్యూ గినీ ఎటువైపుందో తెలీదు. మనవరాలు తిరిగొచ్చేసరికి తను ఉంటుందో లేదో కూడా తెలీదు. అయినా "పోబాకండి" అనే మాట ఆమె నోట రాలేదు. ఒక్కసారి మాత్రం, చీకట్లో, "నన్ను ఎత్తేటప్పుడు నువ్వైనా ఉంటావా అబ్బయా?" అని అడిగింది.

చదువు ముగియగానే హైదరాబాదు పోయి ఉద్యోగం చూసుకుందామనుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు నెల్లూరు దాటకూడదని నిశ్చయించుకున్నాను. అక్క అడగలేదు, నాయన చెప్పలేదు. అవ్వ రక్తపోటు మాత్రలు, నాయన కంటి ఆపరేషను, అమ్మకు ఫోనులో పిల్లల ముఖాలు చూపించడం — ఇవి ఎవరో ఒకరు చేయవలసిన పనులు. త్యాగమనే పెద్దమాట దీనికి అక్కర్లేదు. ఉండేవాడికి కూడా ఒక పని ఉందని తెలుసుకున్నాను, అంతే. ఇరకం పడవ కూడా ఆ పనిలోదే. సెలవుల్లో ఒకసారి అక్కడికి పోయి చూసిరావాలని మేము నలుగురు మిత్రులం అనుకున్నాం. వచ్చేవాళ్ళు చెప్పండి.

రంగయ్యగారి పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆ కుటుంబం ఓడ ఖర్చుకు అణా, అర్ధణా ఇచ్చినవాళ్ళ పేర్లు నేను చదివిన పుస్తకంలో లేవు. నెల్లూరు నుంచి పోయిన ఆ మొదటి ప్రయాణం వాళ్ళది కూడా.