పట్టా తొడిగిన చెయ్యి

ఇవాళ పుణెలో ఒక కొట్టులో దండపట్టా అనే మరాఠా కత్తి నకలు చేతికి తొడిగి చూశాను.

ఇనప తొడుగు మోచేతి దాకా వచ్చేసింది. లోపల అడ్డంగా ఉన్న కడ్డీని పిడికిట్లో బిగించాలి. బిగించగానే మణికట్టు కదలడం మానేసింది!
ఇక తిప్పాలంటే భుజం తిరగాలి, నడుం తిరగాలి, అడుగు మారాలి. చెయ్యే కత్తి అయిపోతుంది.

కొల్హాపూర్‌లో మర్దానీ ఖేళ్ అనే యుద్ధకళలో పిల్లలు దీన్నే గిర్రున తిప్పేస్తారు. దాని వెనక ఎంత సాధన ఉందో ఇప్పుడు తెలిసొచ్చింది.
2024లో మహారాష్ట్ర దీన్ని రాష్ట్ర ఆయుధంగా ప్రకటించడం నాకైతే చాలా సంతోషం.

మరాఠా కత్తులంటే ఇంకోటి: 2025లో మహారాష్ట్ర ప్రభుత్వం లండన్ వేలంలో కొన్న మరాఠా సేనాని రఘూజీ భోంస్లే కత్తి గుర్తుందా? అలుగు యూరప్‌ది, పిడి ఇక్కడిది. అలాంటివాటిని ఫిరంగి అనేవారు. ఆ రఘూజీయే మన కడప, కర్నూలు నవాబుల మీదికీ దండెత్తాడు. రాయలసీమ వాళ్ళం ఆ కత్తిని ఊరికే చూసి వదిలేయలేం.

నకళ్ళు కొనేవాళ్ళకి ఒక్క మాట. తళతళలు చూసి కొనకండి. అంచు మొద్దుగా ఉన్నా పర్లేదు, బరువూ సమతూకమూ అసలుదానిలా ఉండాలి. పట్టుకుంటే ఆనాటి సైనికుడి కష్టం భుజానికి తెలియాలి.

మీ ఇంట్లోగానీ ఊళ్ళోగానీ పాత కత్తులున్నాయా? ఫొటోలు పెట్టండి. పిడి దగ్గరగా కనిపించేలా తీయండి, ప్లీజ్.