మా ఇంటి పెళ్లిరోజు కానుకలు

పెళ్లిరోజు పండుగ మనలాంటి ఇళ్లలోకి కొంచెం ఆలస్యంగానే వచ్చింది. మా అమ్మా నాయినల పెళ్లి తారీఖు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే అమ్మ, "కోయనా భూకంపం అయిన యేడు, ఎండకాలంల" అనేది. అంటే 1967 అన్నమాట. అంతకు మించిన రికార్డు లేదు. తారీఖే తెలియనప్పుడు కానుకల మాట ఎక్కడిది?

మాది షోలాపూర్. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి నేతపనిని నమ్ముకుని వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వేలాది పద్మశాలి కుటుంబాల్లో మాదీ ఒకటి. శ్రావణ పౌర్ణమికి మార్కండేయస్వామి రథం కదిలిందంటే ఊరి తూర్పు భాగమంతా మన మాటే వినిపిస్తుంది. నాయిన పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. మా వాడలో ఏ గుమ్మంలో చూసినా చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ కూర్చున్న ఆడవాళ్లే కనిపించేవారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, "చేత్తో చేసిన కానుక" అనగానే ఈ రోజుల్లో అందరూ ముచ్చటపడతారు. మా ఇంట్లో మాత్రం చేత్తో చేసినదానికి ప్రత్యేకమైన గౌరవం ఏమీ ఉండేది కాదు. చేతిపని అంటే కూలి. వెయ్యి బీడీలకు ఇంత, చద్దరుకు ఇంత. షోలాపూర్ చద్దరుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ అంతకు ఎన్నో ఏళ్ల ముందు, మేం పిల్లలుగా కప్పుకున్నది అంచు చెడిపోయి అమ్మకానికి పనికిరాకుండా పోయిన చద్దరే. నాయిన తన జీవితంలో ఎన్ని వేల చద్దర్లు నేశాడో లెక్కలేదు. అమ్మ కోసమని ఒక్కటి కూడా నేయలేదు. అది ప్రేమ లేక కాదు. మగ్గం తనది కాదు, నూలు తనది కాదు, పొద్దు కూడా తనది కాదు. బీడీల డబ్బు కూడబెట్టి బజారులో కొన్న స్టీలు బిందెనే అమ్మ పదిమందికీ చూపించుకునేది. పనిచేసి బతికేవాళ్ల ఇంట్లో కొన్న వస్తువే గొప్ప. ఆ గొప్పను నేను ఇప్పటికీ తక్కువ చేయను.

నేను మరాఠీ మీడియంలో చదివాను. 1989లో బీకాం పూర్తి చేసి, ఏడాది తర్వాత బ్యాంకులో గుమాస్తాగా చేరాను. 1995 మే నెలలో సిరిసిల్ల సంబంధం కుదిరి పెళ్లయింది. మా శ్రీమతి పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్న మనిషి. నాకేమో తెలుగు మాట్లాడటమే తప్ప అక్షరం రాదు. షోలాపూర్‌లో నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అదొక లోటని నాకు ఏనాడూ అనిపించలేదు.

1996 మొదట్లో ఆమె కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. అక్కడి నుంచి ఒక ఉత్తరం వచ్చింది, నాలుగు పేజీలు, గుండ్రటి అక్షరాలు. ఎటు తిప్పి చూసినా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కింట్లో తెలుగు బడిలో చదువుకున్న పెద్దమనిషి ఉండేవాడు. ఆయన దగ్గరకు తీసుకెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. అత్తమ్మ ఆరోగ్యం, మామయ్య దగ్గు, డాక్టరమ్మ చెప్పిన మాటలు, అన్నీ వరుసగా చదివాడు. రెండో పేజీ సగంలో ఆగిపోయాడు. ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టి, "మిగిలింది నువ్వే సదువుకోవాలె బిడ్డా" అన్నాడు.

ఆ మిగిలిన రెండున్నర పేజీల కోసమే నేను తెలుగు నేర్చుకున్నాను. పెద్ద బాలశిక్ష ఒకటి సంపాదించి, రోజూ బ్యాంకు నుంచి వచ్చాక ఒక గంట దిద్దాను. మరాఠీ చదివినవాడికి తెలుగు అక్షరమాల వరుస కొత్త కాదు. చిక్కు వచ్చిందల్లా ఒక్కచోట. మరాఠీ రాతలో ఎ, ఏ అని రెండు లేవు. ఒ, ఓ అని రెండు లేవు. అక్కడ ఒక్కటే గుర్తు. తెలుగులో 'మెడ' వేరు, 'మేడ' వేరు. నోటికి తెలిసిన తేడా చేతికి తెలియదు.

మే నెలలో మా మొదటి పెళ్లిరోజు వచ్చింది. ఆమె ఇంకా సిరిసిల్లలోనే ఉంది, ఒళ్లో నెలరోజుల పాప. ఆ రోజుకు అందేలా పదకొండు పంక్తుల ఉత్తరం రాశాను. ఎత్వమో ఏత్వమో తేలని ప్రతిచోటా అక్షరం మీద గుర్తు పెట్టకుండా ఖాళీ వదిలి, సరైనది నువ్వే పెట్టుకోమని కింద రాశాను. దరఖాస్తులో తెలియని గడి ఖాళీగా వదిలెయ్యడం బ్యాంకువాడికి అలవాటే కదా! పది రోజులకు అదే కాగితం తిరిగి వచ్చింది. ప్రతి ఖాళీలోనూ ఎర్ర సిరాతో గుర్తులు పెట్టి ఉన్నాయి. దాంతోపాటు ఒక దిండు గలీబు. దాని మీద ఒక మూల దారంతో 'మెడ' అనీ, ఇంకో మూల 'మేడ' అనీ కుట్టి ఉంది. "ఖాళీ పెట్టిన కాడల్ల నింపిన. మళ్ల అడగకుండ్రి" అని చీటీ.

అమ్మ ఆ గలీబును తిరగేసి, కుట్టు చూసి, "గీ టైంల ఐదొందల బీడీలు అయితుండె" అంది. నేను నవ్వేశాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. మాకు కాలేజీలో అవకాశ వ్యయం అని ఒక పాఠం ఉండేది. ఒక పని ఎంచుకున్నందుకు వదులుకున్న ఇంకో పని విలువే దాని అసలు ఖర్చు అని. అమ్మ కాలేజీ మెట్టెక్కకుండానే ఆ లెక్క సరిగ్గా వేసింది. గలీబు విలువ గుడ్డలోనో దారంలోనో లేదు. అమ్మితే కూలి వచ్చే పొద్దును అమ్మకుండా నా కోసం అట్టిపెట్టడంలో ఉంది. చేతి కానుక అంటే నాకు అప్పుడు అర్థమైంది అంతే. అందంగా ఉండటం, ఉండకపోవడం తర్వాతి సంగతి.

అప్పటి నుంచీ మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం. పెళ్లిరోజుకు కొన్న వస్తువు ఇచ్చుకోకూడదు. నగలూ చీరలూ పండగలకు ఎలాగూ ఉంటాయి. నాకు చేతి విద్యలు లేవు, కాబట్టి ఏటా ఒక పేజీ రాసి ఇస్తాను. ఆ ఏడు ఇంట్లో ఏం జరిగిందీ, ఎవరు వచ్చారూ, ఎవరు పోయారూ, ఏం మిగిలిందీ. కాగితాలు నేనే దారంతో కుట్టి పుస్తకం చేశాను. మొదటి పంక్తి ఎప్పుడూ నిరుటి నిలువతోనే మొదలవుతుంది. అది వృత్తి వాసన, ఏం చేయను! ఆమె ఇచ్చినవి రకరకాలు: టిఫిన్ సంచి, పాత చీరతో కుట్టిన పుస్తకపు అట్ట, ఒక ఏడాది ఏమీ తోచక మినప వడియాలు.

2003 నుంచి మూడేళ్లు నాకు రత్నగిరిలో ఉద్యోగం. పాప చదువు కోసం వాళ్లు షోలాపూర్‌లోనే ఉన్నారు. అక్కడ ఇంటి యజమాని దగ్గర నేర్చుకుని, కొబ్బరి చిప్పను గాజుపెంకుతో గీకి, నూనె పట్టించి, వెదురు పుల్ల బిగించి గరిటె చేశాను. నాలుగు చిప్పలు పగిలాక ఒకటి నిలిచింది. పుల్ల ఎప్పుడో ఊడిపోయింది. చిప్ప మాత్రం బియ్యం డబ్బాలో కొలతకు ఇప్పటికీ పనిచేస్తోంది. మా ఇద్దరికీ ఒకటిన్నర చిప్ప.

2011లో అమ్మ పోయింది. ఆ ఏడు కానుకలు లేవు, పేజీ మాత్రం రాశాను.

2022 నవంబరులో మా శ్రీమతికి పక్షవాతం వచ్చింది. తెల్లవారుజామున కుడి చెయ్యి, మూతి ఒక పక్క పట్టు తప్పాయి. ఆలస్యం కాకుండా ఆసుపత్రికి చేర్చగలిగాం, ప్రాణానికి ముప్పు తప్పింది. మాట నెలరోజుల్లో సర్దుకుంది. చెయ్యి సర్దుకోలేదు. నాలుగు వేళ్లు మూసుకుంటే తెరుచుకోవు, గ్లాసు నిలవదు. "ఇగ నా చెయ్యి ఖాతా మూసిండ్రు" అని ఒకరోజు తనే నవ్వుతూ అంది. నేను నవ్వలేకపోయాను. 2023 మే నెల పేజీలో రెండే వాక్యాలు ఉన్నాయి. ఆమె నుంచి ఏమీ లేదు, నేను ఎదురుచూడనూ లేదు.

వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చి నొక్కమనేది. మా ఆవిడకు ఆ బంతి అంటే విసుగు. రోజూ ఆ చేత్తో ఏదో ఒక ఇంటిపని చేయండి, పప్పు ఏరండి, పిండి పిసకండి అని ఆ అమ్మాయి చెప్పాక కాస్త దారికొచ్చింది. కొన్నాళ్లకు ట్రంకుపెట్టె దించమంది. అందులో అమ్మ చీరలు రెండు, నాయిన ధోవతి, పాప చిన్నప్పటి గౌన్లు. వాటిని పరిచి బొంత కుట్టడం మొదలుపెట్టింది. ఇక్కడి మరాఠీవాళ్లు గోధడి అంటారే, అదే. బొంతకు నేర్పు అక్కర్లేదు, ఓపిక చాలు. ఒకే రకం కుట్టు, పోతూ ఉండాలి.

మొదట్లో రోజుకు జానెడు కూడా సాగేది కాదు. సూదిలో దారం ఎక్కించడం నా వంతు. కుట్టు సాయం చేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. 2025 మే నెలలో మా ముప్పయ్యో పెళ్లిరోజుకు ఆ బొంత నా మంచం మీద పరిచింది. ఒక చివర నుంచి చూస్తూ పోతే కుట్లు తాగినవాడి నడకలా వంకరటింకరగా ఉన్నాయి. మధ్యకు వచ్చేసరికి దారికొచ్చాయి. రెండో చివరన దాదాపు తిన్నగా ఉన్నాయి. డాక్టరు గారి ఫైలులో ఉన్న రిపోర్టులన్నిటికంటే ఆమె చెయ్యి ఎంత కోలుకుందో ఆ బొంతే నాకు బాగా చెప్పింది. వంకర కుట్లు విప్పి మళ్లీ కుడతానంటే నేను వద్దన్నాను.

మా అమ్మాయి పుణెలో ఉద్యోగం చేస్తుంది. అల్లుడు మరాఠీ. ముప్పయ్యో ఏడు కాబట్టి హాలు తీసుకుని నలుగురినీ పిలుద్దాం అంది. వద్దని, నీ చేత్తో ఏదైనా చేసి తీసుకురమ్మన్నాం. ఒక కార్డు చేసి తెచ్చింది. లోపల అమ్మ గురించి ఒక పేజీ, మాటలన్నీ చక్కటి తెలుగు. అక్షరాలు మాత్రం దేవనాగరి. ఆమెకు తెలుగు రాత రాదు. నా పుస్తకంలోని ముప్పై పేజీలూ నేను చదివి వినిపిస్తే తప్ప ఆమెకు అందవు. మాతృభాష మాట్లాడే పిల్లే తెచ్చిన ఆ కాగితంలో మెడకూ మేడకూ తేడా కనిపించలేదు. నాకు గుండెలో కలుక్కుమంది. మా శ్రీమతి మాత్రం, "సదివితె మన మాటే వినవడ్తుంది గద, అంగీ మారింది అంతే" అని కార్డు దేవుడి దగ్గర పెట్టింది. ఇద్దరిలో ఎవరిది సరైన మాటో నేనింకా తేల్చుకోలేదు. బయటి రాష్ట్రాల్లో ఉన్న మీలో చాలామంది ఇళ్లలోనూ ఇదే సంగతి నడుస్తూ ఉంటుందనుకుంటాను.

ఖరీదైన కానుకలు ఇచ్చుకునేవాళ్లను తప్పుపట్టాలని కాదు నేనిది రాస్తున్నది. ఒక్క పెళ్లిరోజుకైనా ఇలా చేసి చూడండి. ఉత్తరం రాయవచ్చు, రుమాలు అంచు కుట్టవచ్చు, ఎప్పుడూ వంటింట్లోకి వెళ్లని మగవాళ్లు ఉప్మా చేసి పెట్టవచ్చు. నెల ముందు మొదలుపెడితే మంచిది, చివరి రోజున చేతులు మాట వినవు. బాగా రాకపోయినా పారెయ్యకండి. తారీఖు వేసి దాచండి.

వచ్చే మే నెలకు నాకు తెలుగు లిపిలో ఒక్క పంక్తి రాసి పంపమని మా అమ్మాయిని అడిగాను. ఎత్వాల దగ్గర సందేహం వస్తే ఖాళీ వదిలెయ్యమనీ, మేం నింపుకుంటామనీ చెప్పాను. సరే అనలేదు, కాదనలేదు. పాత పెద్ద బాలశిక్ష ఎక్కడుందని మాత్రం అడిగింది. అట్టలు ఊడిపోయాయి. ఈ వారం కూర్చుని కుట్టి పంపాలి.