గండిపేట కట్ట మీద ఒక క్లాసు

పర్యావరణ చట్టం చెప్పే ప్రొఫెసర్ ఒకరు గండిపేట కట్ట మీద క్లాసు పెడుతున్నారని తెలిసి పొద్దున్నే వెళ్లాను. పదిహేను మంది పిల్లలు, చేతుల్లో రాసుకొచ్చిన పిటిషన్లు. అభ్యాసానికి ఊహించుకున్న కేసే గానీ స్థలం, వాగు నిజమైనవి.

ఒకమ్మాయి చదివింది: "ఈ ఫ్యాక్టరీ వల్ల చెరువుకు తీవ్రమైన హాని జరుగుతుంది."

మేడమ్ 'తీవ్రమైన' కొట్టేశారు. "వాగుకు ఎంత దూరమమ్మా? వాన పడితే ఆ నీళ్లు ఎటు పోతాయి? అది రాయి. తీవ్రమో కాదో జడ్జిగారు తేలుస్తారు."

ఆవిడ మొదట్లో సూత్రాలే చెప్పేవారట. పిల్లలకు తీర్పులన్నీ నోటికొచ్చేవి, ఒక్క అఫిడవిట్ రాయమంటే మాత్రం పెన్ను కదిలేది కాదు. అందుకే పాతికేళ్లుగా చట్టంతో పాటు రాతా నేర్పుతున్నారు.

1908 మూసీ వరదల తర్వాత కట్టిన చెరువు ఇది. దీన్నీ హిమాయత్‌సాగర్‌నూ కాపాడటానికి 1996లో జీవో 111 వచ్చింది. 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు వద్దంది. శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ తలపెట్టిన కంపెనీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇవ్వలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. విశ్రాంత ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు పేరుతో లా విద్యార్థులందరికీ తెలిసిన కేసు అదే. 1999లో జస్టిస్ ఎం.జగన్నాధరావు తీర్పు రాశారు. హాని జరుగుతుందని ఊరివాళ్లు నిరూపించనక్కర్లేదు, జరగదని ఫ్యాక్టరీ పెట్టేవాడే నిరూపించుకోవాలి. తాగేనీళ్లకు ఇంతకంటే గట్టి కాపలా నాకు తెలియదు. 2000లో తుది తీర్పు కంపెనీకి వ్యతిరేకంగా వచ్చింది.

ఇలాంటి కేసుల్లో శాస్త్రం తెలిసినవాళ్లూ ధర్మాసనం మీద ఉండాలన్న ఆలోచన ఆ 1999 తీర్పులోనే ఉంది. జస్టిస్ జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ 2003లో ఇచ్చిన 186వ నివేదిక దాన్ని ముందుకు తీసుకెళ్లింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది.

"2022లో జీవో 111 ఆంక్షలు సడలించారు కదా మేడమ్, ఇక ఏం మిగిలింది?" అని ఒకబ్బాయి అడిగాడు.

"నిరూపించే భారం ఎవరిదో మారలేదు నాన్నా. నువ్వు సరిగ్గా రాస్తే చాలు."

ఆ మాటలో నాకు అలసట వినపడలేదు.

ఇందాకటి అమ్మాయి వాగు దాకా అడుగులు లెక్కపెడుతూ వెళ్లింది. గట్టు మీద మేకలు కాస్తున్న పెద్దాయనను ఏదో అడిగి వచ్చి మళ్లీ చదివింది: "స్థలానికి, వాగుకు మధ్య నాలుగొందల అడుగులు. వానాకాలంలో ఈ వాగు చెరువులో కలుస్తుంది."

మేడమ్ పెన్ను ఎత్తలేదు. "రెండో పేరా," అన్నారు.