నా దగ్గరున్న ఇరవై మూడు కత్తులు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. ఈ సంగతి మా రూములో ఒకటికి పదిసార్లు గొడవై, చివరికి మా బావ "నీ వాదనేదో మనోళ్ళందరి ముందూ పెట్టు, ఏమంటారో చూద్దాం" అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

నేను పాత కత్తులు పోగేస్తాను. ఇప్పటికి ఇరవై మూడు అయ్యాయి. అమలాపురంలో చదువుకుంటున్న కుర్రాడికి, అందులోనూ ఎరుకల కుర్రాడికి, ఇదేం పిచ్చిరా అని అడగనివాళ్ళు లేరు. స్టాంపులు దాచుకుంటే ముచ్చట, పాత నాణేలు దాచుకుంటే తెలివి. కత్తులు దాచుకుంటే మాత్రం "ఎవర్ని ఏసేద్దామని?" అని నవ్వుతారు. నవ్వాక ఒకసారి మనవైపు తేరిపార చూస్తారు. ఆ చూపు గురించి తర్వాత చెప్తాను.

ముందు అసలు నా దగ్గర ఏమున్నాయో చెప్పనివ్వండి. కత్తులంటే సినిమాల్లో సుమోల్లోంచి తీసేవి అనుకుంటున్నారు చాలామంది.

కొబ్బరి చెట్టెక్కే దింపు కార్మికులు నడుముకి దోపుకునే కత్తి ఒకటి ఉంది, అంబాజీపేట వైపు నుంచి వచ్చింది. బొండాలు కొట్టే బరువు కత్తి ఒకటి. చేత్తో పట్టుకుంటే ముందుకి తూగుతుంది, ఎందుకంటే దెబ్బ మన బలంతో కన్నా దాని బరువుతో పడాలి. రావులపాలెం అరటి మార్కెట్టు దగ్గర ఒక ముసలాయన ఇచ్చిన గెలలు కోసే కత్తి. కల్లు గీసే కత్తి ఒకటి, నెలవంకలా ఉంటుంది, చాలా పల్చన. దాంతో ఇంకేదీ కొయ్యరంట, చివరికి పురికొస కూడా. కొయ్యాల్సింది గెల చివర పల్చటి పొర కదా, అంచు ఏ మాత్రం చెడినా కల్లు సరిగ్గా దిగదు. మూడు కొడవళ్ళు ఉన్నాయి, రెంటికి ఇంకా కక్కు కనపడుతుంది. కోత మిషన్లు వచ్చాక కక్కు పెట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారని కమ్మరాయన చెప్పాడు. కొబ్బరి కోరే పళ్ళున్న కత్తిపీట, చేపల బజారులో వాడిన పెద్ద కత్తిపీట, రెండు అడకత్తెరలు. అడకత్తెర కత్తి కాదు కదా అని మా ఫ్రెండు లెక్కలోంచి తీసేస్తాడు. కోసేది ఏదైనా నా లెక్కలో ఉంటుంది.

రంపచోడవరం సంతలో కొన్నది ఒకటి ఉంది, పోడు కొట్టే కత్తి. కొస లోపలికి వంగి కొంకిలా ఉంటుంది. ముళ్ళ కొమ్మని ఆ కొంకితో దగ్గరికి లాగి, అదే చేత్తో నరుకుతారు. ముల్లు చేతికి తగలదు. మా కొబ్బరి కత్తికి ఆ కొంకి లేదు, చెట్టు మీద లాగాల్సిన ముళ్ళ కంప ఉండదు కాబట్టి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు కొండ మీద బతికారో, ఎవరు కాలవ గట్టున బతికారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక అసలైనది మా తాతది, వెదురు చీల్చే కత్తి. మనలో ఎరుకలవాళ్ళు కానివాళ్ళ కోసం చెప్తున్నాను. మాలో దబ్బ ఎరుకలని ఒక శాఖ ఉంది. దబ్బ అంటే వెదురుని చీల్చగా వచ్చిన బద్ద. అంటే మా శాఖ పేరే ఒక కత్తి చేసిన పని మీదుగా వచ్చింది. కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళలో మా అమ్మమ్మా తాతా అల్లిన బుట్టలు, తట్టలు, చేటలు వాడని ఇల్లు ఒకప్పుడు తక్కువ. ఆ కత్తి పట్టుకుంటే ఎవరికైనా మొదట అనిపించేది, ఇదేంట్రా మొద్దుగా ఉంది అని. అది కావాలనే మొద్దుగా ఉంటుంది. వెదురు చీల్చే కత్తి మరీ పదునుగా ఉంటే నారని అడ్డంగా కోసేసుకుంటూ పక్కకి పోతుంది. కొంచెం మొద్దుగా, వెన్ను లావుగా ఉంటే మేకులా లోపలికి దిగి, వెదురు తన నార వెంట తనే విచ్చుకుంటుంది. కణుపు దగ్గర ఒక్క దెబ్బ, తర్వాత కత్తి కదలదు, వెదురునే దాని మీదకి తోస్తారు. బద్ద పల్చన చెయ్యడానికి వేరే చిన్న కత్తి, అది మాత్రం క్షౌరం చేసుకునేంత పదును. ఈ తేడా నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మా అమ్మమ్మ ఒక మధ్యాహ్నం వెదురు ముక్క చేతికిచ్చి చూపించింది.

ఆ కత్తి లారీ కమాను పట్టీతో చేసింది. కమ్మరాయన దాన్ని ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, అంచు వరకే నీళ్ళలో ముంచి పదును పట్టాడంట. వెన్ను మెత్తగా ఉండాలి, లేకపోతే కణుపు మీద దెబ్బకి ఫట్‌మని విరిగిపోద్ది. పిడి మూడుసార్లు మారింది, పొన్ను మాత్రం మొదటిదే. 1996 నవంబరు 6 తుఫానులో కొబ్బరి చెట్లు దారులన్నింటికీ అడ్డం పడిపోతే, తెల్లారి మా తాత ఈ కత్తి పట్టుకునే వెళ్ళాడంట. అంచులో బొటనవేలంత గాటు ఆ రోజుదే. మా అమ్మ ఇప్పటికీ ఆ గాటు తడిమి ఎవరి ఇంటి ముందు ఏ చెట్టు పడిందో చెప్తుంది. మా ఇంట్లో ఆ తుఫాను గురించి కాగితం ముక్క లేదు. ఆ గాటు ఉంది.

ఇప్పుడు మా బావ మాటకొద్దాం. బావ కానిస్టేబుల్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నాడు. అతనికి కత్తులంటే భయం లేదు, చిన్నప్పుడు నాకన్నా బాగా బద్ద తీసేవాడు. అతను అనేది వేరు.

"ఒరేయ్, కలవారి కుర్రాడు కత్తులు దాచుకుంటే హాబీ. మనం దాచుకుంటే కేసు. రేపు నా వెరిఫికేషన్‌కి వచ్చినోడు ఈ గదిలో మంచం కింద ఇరవై కత్తులు చూశాడనుకో, నువ్వు వెదురు గురించీ నార గురించీ చెప్పేదాకా ఆగుతాడా?"

ఈ మాట తేలిగ్గా తీసి పారేసేది కాదు. 1871లో తెల్లోళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ దాకా పొడిగించారు. ఆ జాబితాలో మన ఎరుకలోళ్ళు ఉన్నారు. వేలిముద్రలు, రిజిస్టర్లో పేరు, ఊరు దాటాలంటే అనుమతి, కొన్నిచోట్ల రోజూ హాజరు. పుట్టడమే నేరం అన్నమాట. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయినా పేరు పోలేదు. స్టువర్టుపురం అనగానే జనానికి ఏం గుర్తొస్తుందో మీకు తెలుసు, 1991లో ఏకంగా ఆ ఊరి పోలీస్ స్టేషన్ పేరుతోనే సినిమా వచ్చింది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి తెగలవాళ్ళని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యకుండా చూసుకోవాలని పోలీసులకి చెప్పాల్సి వచ్చింది. 2024లో! ఆ చూపు ఇంకా ఉందని కోర్టుకే తెలుసు. పైగా అమలాపురం 2022 మే 24 అల్లర్లు చూసిన ఊరు. తర్వాత కొన్నాళ్ళు ఇంటర్నెట్టు లేదు, నలుగురు ఒకచోట నిలబడితే భయం. బావ భయం ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

కానీ ఇదే అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా జరుగుద్ది. ఊరేగింపులో వీధివీధికీ కత్తులు తిప్పుతారు, కళ్ళకి గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కూరగాయల్ని కత్తితో నరుకుతారు. ఆడా మగా పిల్లలతో సహా అర్ధరాత్రి దాకా నిలబడి చూస్తారు. నేనూ చూస్తాను, నాకు చాలా ఇష్టం. అక్కడ కత్తి సంప్రదాయం. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది, అక్కడ టిక్కెట్టు కొని చూస్తాం, అక్కడ కత్తి చరిత్ర. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊళ్ళో ఒకప్పుడు మూసల్లో ఉక్కు తీసేవాళ్ళు. 1820ల్లో వాయిసీ అనే తెల్లదొర అక్కడికెళ్ళి చూసి రాసిపెట్టాడు. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చి కూర్చునేవాళ్ళంట. డమాస్కస్ కత్తులని లోకమంతా పొగిడే కత్తులకి మన దక్కను వైపు ఉక్కు వెళ్ళేది. కొలిమి ఊదినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మధ్య భారతంలో ఇనుము తీసే ఆదివాసులు, అగారియాలు, వాళ్ళ మీద వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పుస్తకమే రాశాడు. అప్పటికే పన్నులు, అడవి ఆంక్షలు, ఫ్యాక్టరీ ఇనుము కలిసి వాళ్ళ కొలుముల్ని చాలావరకు ఆర్పేశాయి.

రాజుల కత్తులు దాచడానికి మ్యూజియాలున్నాయి. మా తాత కత్తి దాచడానికి ఎవరున్నారు? పాత ఇనుప సామాను బండివాడు కిలో లెక్కన తీసుకెళ్తాడు. ఇప్పటికే చాలా తీసుకెళ్ళాడు. మన భయం వల్ల మన చేతుల్తోనే మన పనిముట్లని బండిలో వేసేస్తే, మిగిలేవి పోలీసు రికార్డులో మన గురించి ఉన్న కాగితాలే. మనం బుట్టలల్లామని చెప్పడానికి బుట్ట కూడా మిగలదు, వెదురు కదా, పుచ్చిపోద్ది. ఇనుమే కొంచెం ఎక్కువ కాలం ఉంటుంది. బావతో నా వాదనంతా ఇదే.

చట్టం సంగతి కూడా చదివి చెప్తున్నాను, అడిగేవాళ్ళు ఎక్కువ. 1959 ఆయుధాల చట్టం ప్రకారం కేవలం ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసిన వస్తువులు ఆయుధాల కిందకి రావు. రూల్స్‌లో తొమ్మిది అంగుళాల కన్నా పొడుగు, లేదా రెండంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తుల గురించి రాశారు, అక్కడ కూడా ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ పనిముట్లని మినహాయించారు. బొండాల కత్తి రెండంగుళాల కన్నా వెడల్పే, అయినా అది పనిముట్టు. అయితే అదే బొండాల కత్తి రాత్రి పదకొండుకి బస్టాండులో నడుముకి దోపుకుని తిరిగితే పనిముట్టు అని ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఊళ్ళో 144 పెట్టినప్పుడు, ఇప్పుడు కొత్త చట్టంలో అది 163, నా కత్తి ఒక్కటి కూడా గడప దాటదు.

నేను పెట్టుకున్న పద్ధతులు ఉన్నాయి. బాకులు, తల్వార్లు, ఆన్‌లైన్‌లో అమ్మే బటన్ కత్తులు నేను కొనను. ఫ్రీగా ఇచ్చినా తీసుకోను. మనిషిని పొడవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని వస్తువులో నాకు చదువుకోడానికి ఏమీ కనపడదు. రీల్స్‌లో కత్తి పట్టుకుని పోజులిచ్చే మన తమ్ముళ్ళకి ఒక మాట. మీరు చేసేదీ నేను చేసేదీ ఒకటి కాదు, దయచేసి కలపొద్దు. బస్సులో తెచ్చేటప్పుడు అంచుకి గుడ్డ చుట్టి, గోనెసంచిలో కట్టి తెస్తాను. ఎర్ర తుప్పు తీసేసి కుట్టుమిషను ఆయిల్ రాస్తాను, మన ఉప్పుగాలికి నెల రోజులు వదిలేస్తే మళ్ళీ మొదలే. నల్లబడిన మచ్చలు మాత్రం గీకను, అవి వాడకం గుర్తులు.

ఒక నోటుపుస్తకం పెట్టాను. ప్రతి కత్తికీ ఒక పేజీ. ఎవరిచ్చారు, ఏ ఊరు, ఏ పనికి, ఎంత ఇచ్చాను, ఆ ఇంట్లో దాన్ని ఏమని పిలిచేవారు. ఇచ్చినవాళ్ళ సంతకమో వేలిముద్రో తీసుకుంటాను. ఒక పెద్దావిడ వేలిముద్ర వేస్తూ "మా నాయనమ్మ చేత స్టేషన్లో ఏయించేవోరంట బాబూ, నేను కత్తిచ్చి ఏత్తన్నాను" అంది. ఆవిడ నవ్వుతూనే అంది. నేను ఆ మాట కూడా ఆ పేజీలోనే రాసుకున్నాను.

డబ్బు దండగ అనేవాళ్ళకి పెద్దగా చెప్పేదేం లేదు. చాలావరకు ఇనుము రేటుకే వచ్చాయి, కొన్ని ఊరికే ఇచ్చారు. మీ ఫోను కవర్లకి పెట్టేదానికన్నా తక్కువే.

బావ మాటకి మాత్రం ఒక మెట్టు దిగాను. అతని ఉద్యోగం నా కత్తులకన్నా పెద్దది. మన ఇంటి నుంచి ఒకడు ఆ స్టేషన్లో కుర్చీలో కూర్చోవడం ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. అందుకని పోయిన నెల కత్తులన్నీ కొత్తపేట దగ్గర మా అమ్మమ్మ ఇంటికి చేర్చాను. ఒక చెక్కపెట్టె, తాళం, తాళంచెవి అమ్మమ్మ బొడ్డున. రూములో నోటుపుస్తకం ఒక్కటే ఉంది. ఆమె కత్తి చేతికి చెయ్యి ఇవ్వదు, గొడవలొస్తాయని కింద పెడుతుంది, మనం తీసుకోవాలి. బావ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ మొన్నాదివారం నాతో వచ్చాడు. పెట్టె తీయించి, తాత కత్తి పట్టుకుని, పెరట్లో ఉన్న వెదురు ఒకటి చీల్చాడు. బద్ద మధ్యలో పక్కకి పోలేదు. నాకు ఇప్పటికీ మూడోవంతు దగ్గర పక్కకి పోతుంది.

చివరిగా మీతో పని. మీ ఇళ్ళలో పాత కత్తులుంటే నాకివ్వమని అడగట్లేదు. బండివాడికి వెయ్యకండి, అంతే. ఒక ఫోటో తీసి, మీ అవ్వనో తాతనో అడిగి దాని పేరు మీ భాషలో రాయించుకోండి. కోయలో, కొండరెడ్ల ఇళ్ళల్లో, మన కుర్రు భాషలో, యానాది అన్నల చేపల పనిలో ఏమంటారో అది. రాజోలు, సఖినేటిపల్లి వైపు వాళ్ళెవరైనా ఉంటే ఒక ప్రత్యేకమైన మనవి. ఈతాకు బుట్టలల్లే మనవాళ్ళు ఆకు చీల్చడానికి వాడే చిన్న కత్తి, వేలంత ఉంటుందని మా అమ్మమ్మ చెప్పింది, అది నేను ఇంతవరకు చూడనే లేదు. ఎవరింట్లోనైనా ఉంటే ఒక్కసారి చూడ్డానికి వస్తాను. బావని కూడా తీసుకొస్తాను.