రేపల్లె రైలూ, తర్కం ప్రోగ్రామూ

మా రేపల్లెలో జిల్లాల మాట ఎత్తితే వాదన ఓ పట్టాన తెగదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది, మేం బాపట్ల జిల్లాలోకి వెళ్ళాం. రైల్లో బాపట్ల వెళ్ళాలంటే మాత్రం తెనాలి మీదుగా తిరిగి రావాల్సిందే!

ఇలాంటి వాదనల్ని కంప్యూటరు తయారుచేయగలదా? చేయగలదు. 2001లో బెస్నార్డ్, హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి పునాది వేశారు. వాళ్ళ లెక్కలో వాదనంటే కొన్ని ఆధారాలు, ఒక ముగింపు. షరతులు మూడు: ఆధారాల నుంచి ముగింపు కచ్చితంగా రావాలి, ఆధారాలు ఒకదాన్నొకటి ఖండించుకోకూడదు, అనవసరమైనది ఒక్కటీ ఉండకూడదు.

మన కేసే తీసుకుందాం. ఒక లోక్‌సభ నియోజకవర్గమంతా ఒకే జిల్లా. బాపట్ల, రేపల్లె ఒకే నియోజకవర్గం. కాబట్టి రెండూ ఒకే జిల్లా. బాగుంది కదూ? కానీ సంతనూతలపాడు కూడా బాపట్ల లోక్‌సభలోనిదే, దాన్ని ప్రకాశం జిల్లాలోనే ఉంచారు. అంటే మన ఆధారాల చిట్టాలోనే వైరుధ్యం ఉంది. సంప్రదాయ తర్కంలో వైరుధ్యం చొరబడితే ఏదైనా నిరూపించొచ్చు, సూర్యలంక బీచ్ తెనాలిలో ఉందని కూడా! రెండో షరతు పెట్టింది అందుకే.

చిక్కల్లా లెక్క దగ్గరే. చిట్టాలో 30 వాక్యాలుంటే వాటితో 107 కోట్ల పైచిలుకు గుంపులు కట్టొచ్చు. ప్రతిదాన్నీ పరీక్షిస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకని ఎఫ్‌స్టాథియు, హంటర్ ఒక గ్రాఫు పద్ధతి వాడారు: ముగింపుతో ఎక్కడా లంకె పడని వాక్యాల్ని ముందే ఏరి పారేస్తారు.

నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. ఆ ఏరివేతలో రేపల్లె రైలు మొదటి దెబ్బకే పోతుంది. రైలు ముఖ్యం కాదని కాదు. "జిల్లా కేంద్రానికి జనం సులువుగా చేరగలగాలి" అన్న వాక్యాన్ని ఎవరూ చిట్టాలో రాయలేదు కాబట్టి. ఆ ఒక్క వాక్యం చేర్చండి, అదే ప్రోగ్రాము అవతలి పక్షం వాదన కూడా తయారుచేసి పెడుతుంది. అప్పుడు ఏది నెగ్గాలన్నది మాత్రం అది తేల్చదు, మనమే తేల్చుకోవాలి.

మనం ఆఫీసుల్లో లోన్లకీ, పింఛన్లకీ రూల్సు రాస్తూనే ఉంటాం. అర్హత లేదని తిప్పి పంపిన మనిషి విషయంలో తర్కం తప్పయ్యుండకపోవచ్చు. అతని మాటే చిట్టాలో లేకపోయుండొచ్చు. కోడు సరిచూసే ముందు చిట్టా ఎవరు రాశారో అడగడం మంచిదని నా అభిప్రాయం. మీరేమంటారు?